నియమం నుంచి అనుభూతికి: విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ గేమ్ రూపకల్పన అధ్యయనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ గేమ్ రూపకల్పన గత మూడు దశాబ్దాలలో విశ్వవిద్యాలయ పాఠ్యాంశంగా స్థిరపడింది. అయితే ఈ శాఖలో విద్యార్థి ప్రధానంగా నేర్చుకోవలసింది ఏమిటన్న ప్రశ్నకు పాఠ్యప్రణాళికలు ఏకకంఠంతో సమాధానం చెప్పడం లేదు. సాఫ్ట్‌వేర్ నైపుణ్యం, చిత్రకల్పన, కథారచన – ఈ మూడింటిలో ఏదో ఒకటి రూపకల్పన పేరుతో చలామణీ అవుతోంది. నియమానికీ, ఆడేవారి అనుభూతికీ గల సంబంధాన్ని గ్రహించడమే ఈ శాఖకు కేంద్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విద్యార్థులు రూపొందించిన కొన్ని గేమ్‌లను, తరగతి గదుల్లో విస్తృతంగా బోధిస్తున్న ఎం.డి.ఏ. చట్రాన్ని పరిశీలించి, ఆ చట్రం పరిమితులను రససిద్ధాంతం వెలుగులో చర్చిస్తుంది. రససిద్ధాంతానికి ఆట విసిరే సవాలును కూడా గుర్తిస్తుంది.

కీలకపదాలు: గేమ్ రూపకల్పన, నియమం, ఎం.డి.ఏ. చట్రం, రసవిఘ్నం, సహృదయుడు, కర్తృత్వం, పాఠ్యప్రణాళిక.

1. ఉపోద్ఘాతం

ఆట మనిషికి కొత్త కాదు. ఆటను గురించి శాస్త్రీయంగా ఆలోచించడమూ కొత్త కాదు. డచ్ చరిత్రకారుడు యొహాన్ హయిజింగా 1938లో వెలువరించిన ‘హోమో లూడెన్స్’లో సంస్కృతి మూలాల్లోనే ఆట ఉందని వాదించాడు. ఫ్రెంచ్ రచయిత రోజే కయ్వా 1958లో ఆటలను పోటీ, అదృష్టం, అనుకరణ, మైకం అనే నాలుగు వర్గాలుగా విభజించాడు. కొత్తదల్లా ఆటను రూపొందించడాన్ని విశ్వవిద్యాలయంలో పట్టా కోసం చదవడం, ఆ చదువుకు పరీక్షలు, ప్రాజెక్టులు, ఆచార్యులు ఏర్పడటం.

ఒక కళ విశ్వవిద్యాలయంలో ప్రవేశించినప్పుడు దానికి రెండు రకాల ఒత్తిడి ఎదురవుతుంది. పరిశ్రమకు పనికివచ్చే నైపుణ్యం నేర్పమని ఒకవైపు నుంచి, పరిశోధనకు నిలబడే సిద్ధాంతం చూపమని మరొకవైపు నుంచి కోరతారు. నాటకం, చిత్రలేఖనం, సినిమా ఈ దశను దాటి వచ్చినవే. గేమ్ రూపకల్పన ఇప్పుడు ఆ దశలో ఉంది. ఈ స్థితిలో ‘విద్యార్థి చేసిన గేమ్ బాగుంది’ అని ఒక అధ్యాపకుడు అన్నప్పుడు ఆయన దేనికి మార్కులు వేస్తున్నాడన్నది మౌలికమైన ప్రశ్న. బొమ్మలకా? ప్రోగ్రామ్‌కా? కథకా? లేక ఈ మూడింటికీ చెందని మరొక అంశానికా? ఆ నాలుగో అంశాన్ని నిర్వచించలేకపోతే ఈ శాఖకు ప్రత్యేక అస్తిత్వం ఉండదు.

2. అధ్యయనశాఖ ఆవిర్భావం: రెండు పాయలు

ఈ శాఖ రెండు పాయలుగా పుట్టింది. మొదటిది నిర్మాణప్రధానమైనది. స్కాట్లాండ్‌లోని డండీ నగరంలో ఉన్న అబర్టే విశ్వవిద్యాలయం 1997లో కంప్యూటర్ గేమ్స్ డిగ్రీని ప్రవేశపెట్టింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1998లో ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీ సెంటర్ ఏర్పడింది. దాని స్థాపకులలో రాండీ పాష్ కంప్యూటర్ శాస్త్రవేత్త, డాన్ మరినెల్లి నాటకశాఖ ఆచార్యుడు. గేమ్ నిర్మాణానికి యంత్రజ్ఞానం ఎంత అవసరమో రంగస్థల జ్ఞానం కూడా అంతే అవసరమని ఈ కలయిక సూచిస్తోంది.

రెండో పాయ విమర్శప్రధానమైనది. 2001లో నార్వే పండితుడు ఎస్పెన్ ఆర్సెత్ సంపాదకత్వంలో ‘గేమ్ స్టడీస్’ అనే ఆన్‌లైన్ పరిశోధన పత్రిక ప్రారంభమైంది. సాహిత్య, సినిమా శాఖలు గేమ్‌ను తమ ఉపశాఖగా కలుపుకోజూస్తాయనీ, గేమ్‌కు తనదైన సిద్ధాంతం అవసరమనీ ఆయన తొలి సంచికలోనే హెచ్చరించాడు.

ఈ హెచ్చరిక వెనుక ఒక నిజమైన వివాదం ఉంది. జానెట్ మరీ 1997లో వెలువరించిన ‘హామ్లెట్ ఆన్ ది హోలోడెక్’ గ్రంథంలో ‘టెట్రిస్’ గేమ్‌ను పనిభారంతో ఉక్కిరిబిక్కిరవుతున్న అమెరికన్ జీవితానికి ప్రతీకగా వ్యాఖ్యానించింది. పైనుంచి పడుతున్న ముక్కలను సర్దడం, సర్దేలోపు మరికొన్ని వచ్చి పడటం ఆమెకు అలా స్ఫురించాయి. ‘గేమ్ స్టడీస్’ తొలి సంచికలో ఫిన్లాండ్ విమర్శకుడు మార్కు ఎస్కెలినెన్ దీనిని తీవ్రంగా ఖండించాడు. ఆటలో లేని కథను విమర్శకురాలు తెచ్చి అంటగట్టిందన్నది ఆయన ఆరోపణ. ఆ గేమ్‌ను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించాడన్న వాస్తవం కూడా అమెరికన్ జీవిత వ్యాఖ్యానాన్ని ఇబ్బందిపెట్టేదే.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ వాదం అపరిచితం కాదు. కావ్యానికి ఆత్మ ఏది అన్న చర్చలో వస్తువుదా, నిర్మాణానిదా ప్రాధాన్యం అన్న తగవు మనకూ ఉంది. నిదానించి చూస్తే మరీ, ఎస్కెలినెన్ ఇద్దరూ సగం సగం సరైనవారే. టెట్రిస్‌లో కథ లేదన్నది నిజం. అందులో అనుభూతి ఉందన్నదీ నిజం. తీరని పని మీద పడుతున్న భావం ఆడేవారికి కలుగుతుంది. అది పాత్రల వల్లో, మాటల వల్లో కలిగింది కాదు. ‘నిండిన వరుస మాయమవుతుంది, వేగం పెరుగుతూ పోతుంది, గెలుపుతో ముగిసే ఘట్టం ఉండదు’ అన్న మూడు నియమాల వల్ల కలిగింది. నియమం అనుభూతిని ఎలా పుట్టిస్తుంది? ఈ శాఖ అడగవలసిన అసలు ప్రశ్న ఇదే.

3. నియమమే వస్తువు: ఒక విద్యార్థి గేమ్

అమెరికాలోని రెడ్‌మండ్‌లో ఉన్న డిజిపెన్ సంస్థ విద్యార్థులు 2005లో ‘నార్బాక్యులర్ డ్రాప్’ అనే గేమ్‌ను రూపొందించారు. ఒక రాకుమారి బందీఖానాలో చిక్కుకుంది. ఆమె ఎగరలేదు, దూకలేదు. గోడల మీద రెండు ద్వారాలు తెరిచి, ఒకదానిలో ప్రవేశించి మరొకదానిలోంచి బయటికి రావడం ద్వారానే తప్పించుకోవాలి. చిత్రకల్పన దృష్టితో చూస్తే ఇది సాదాసీదా ప్రాజెక్టు. కథ కూడా రాక్షసుడు, రాకుమారి అనే పాత మూసే. అయినా సంస్థలో జరిగిన వార్షిక ప్రదర్శనలో దీనిని చూసిన వాల్వ్ సంస్థవారు విద్యార్థుల బృందం మొత్తాన్నీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆ ద్వారాల నియమమే 2007లో వెలువడిన సుప్రసిద్ధమైన ‘పోర్టల్’ గేమ్‌కు పునాది అయింది.

రాకుమారి, రాక్షసుడు, బందీఖానా – ఇవన్నీ ఆ ప్రయాణంలో రాలిపోయాయి. మిగిలినది నియమం ఒక్కటే. అంటే విద్యార్థులు సృష్టించిన అసలు వస్తువు అదే. మరో విశేషం కూడా గమనించదగింది. త్రిపరిమాణ గేమ్‌లలో దూకడం అతిసాధారణమైన క్రియ. ఆ విద్యార్థులు దానిని తొలగించారు. దూకే వీలుంటే ఆటగాడు ఎత్తును దూకే దాటజూసేవాడు. అది లేదు కాబట్టి చోటును గురించి కొత్తగా ఆలోచించవలసి వచ్చింది. ఇక్కడ నిషేధం సృజనకు ఆటంకం కాకపోగా దానికి హేతువైంది.

ఈ సూత్రాన్ని తెలుగువారు అవధాన వేదిక మీద ప్రత్యక్షంగా చూస్తూనే ఉన్నారు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం వెంట అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. అవధాని రాబోయే పదాన్ని పసిగట్టిన పృచ్ఛకుడికి దొరక్కుండా మరో దారిలో పద్యం నడిపిస్తాడు. అక్కడ పద్యం ఎంత ముఖ్యమో, పద్యం పుట్టిన తోవ కూడా అంత ముఖ్యం. ఆ పద్యాన్నే అచ్చులో చదివితే సభలో కలిగిన ఆనందం కలగదు. కారణం, సభ్యులు ఆస్వాదించినది పద్యాన్ని మాత్రమే కాదు, నియమానికీ ప్రతిభకూ జరిగిన పెనుగులాటను కూడా. గేమ్ రూపకర్త కల్పించేది ఇలాంటి పెనుగులాటనే. తేడా ఏమిటంటే, అవధానంలో మనం ప్రేక్షకులం. గేమ్‌లో అవధాని స్థానం మనదే.

4. ఎం.డి.ఏ. చట్రం: బలం, పరిమితి

నియమానికీ అనుభూతికీ గల సంబంధాన్ని వివరించే ప్రయత్నాలలో తరగతి గదుల్లో అత్యంత ప్రచారం పొందినది ఎం.డి.ఏ. చట్రం. రాబిన్ హునికీ, మార్క్ లెబ్లాంక్, రాబర్ట్ జుబెక్ 2004లో ఒక పరిశోధనపత్రంగా దీనిని ప్రకటించారు. అంతకుముందు 2001 నుంచి గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ కార్యశాలల్లో దీనిని బోధిస్తూ వచ్చారు. ఈ చట్రం ప్రకారం గేమ్‌కు మూడు అంతస్తులు. మొదటిది మెకానిక్స్, అంటే నియమాలు, పరికరాలు. రెండోది డైనమిక్స్, అంటే ఆడుతున్నప్పుడు ఆ నియమాలు ఒకదానిపై ఒకటి పనిచేయగా ఏర్పడే గమనం. మూడోది ఈస్థెటిక్స్, అంటే ఆడేవారిలో కలిగే భావస్పందన. రూపకర్త చేయి పెట్టగలిగేది మొదటి అంతస్తు మీద మాత్రమే. ఆడేవారికి ముందుగా అందేది మూడో అంతస్తు. ఒకరు మెట్లు ఎక్కుతూ వస్తే మరొకరు దిగుతూ వస్తారు.

బోధనలో ఈ చట్రం ప్రయోజనం కాదనలేనిది. ‘ఆట విసుగ్గా ఉంది’ అన్న మాటతో ఆగిపోకుండా, ఏ నియమం వల్ల ఏ గమనం ఏర్పడి ఆ విసుగు పుట్టిందో వెతకడం విద్యార్థికి అలవడుతుంది. వ్యక్తిగత అభిరుచిగా మిగిలిపోయే అభిప్రాయం కారణంతో కూడిన విమర్శగా మారుతుంది.

అయితే దీని పరిమితిని ఆ రచయితలు ఇచ్చిన ఉదాహరణే బయటపెడుతుంది. వారు ‘మొనాపలీ’ ఆటను విశ్లేషించారు. మన ఇళ్లలో ‘బిజినెస్’ పేరుతో ఆడేది దీని దగ్గరి చుట్టమే. ఆస్తి ఉన్నవాడికి అద్దెలు వస్తాయి, అద్దెలతో మరింత ఆస్తి వస్తుంది, లేనివాడు మరింత కుంగిపోతాడు. అంతరం పెరిగేకొద్దీ ఒకరిద్దరికి తప్ప మిగిలినవారికి ఆటలో పట్టు పోతుంది. ఎం.డి.ఏ. రచయితలు దీనిని సవరించదగిన లోపంగా పరిగణించి, వెనుకబడినవారికి ఊతమిచ్చే నియమాలను సూచించారు.

కానీ ఈ ఆట పుట్టుక వేరే కథ చెబుతుంది. దీనికి మూలమైన ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’కు ఎలిజబెత్ మేగీ 1904లో అమెరికాలో పేటెంటు పొందింది. ఆమె ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ అనుయాయి. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడితే మిగిలినవారికి ఏం జరుగుతుందో ఆడి తెలుసుకోవాలన్నది ఆమె ఉద్దేశం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు స్కాట్ నియరింగ్ ఆ ఆటను తన విద్యార్థులకు పరిచయం చేశాడు. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ విడుదల చేసిన ‘మొనాపలీ’లో ఆ విమర్శ కనుమరుగై, పోగుచేయడమే గెలుపుగా మిగిలింది. అంటే ఓడుతున్నవాడి నిస్సహాయత మేగీ దృష్టిలో లోపం కాదు. ఆట చెప్పదలచిన విషయమే అది. ఆ నిస్సహాయతను నియమాలతో సరిదిద్దితే ఆట మరింత రక్తి కట్టవచ్చు. కానీ దాని వాక్కు మూగబోతుంది.

ఎం.డి.ఏ. చట్రం వినోదాన్ని ఇంద్రియసుఖం, ఊహాలోకం, కథ, సవాలు, సాహచర్యం, అన్వేషణ, ఆత్మవ్యక్తీకరణ, కాలక్షేపం అని ఎనిమిదిగా పేర్కొంటుంది. ఈ జాబితా సంపూర్ణం కాదని ఆ రచయితలే చెప్పారు. అందువల్ల సంఖ్య గురించి తగవు లేదు. భరతుడి ఎనిమిది రసాలతో ఈ సంఖ్యాసామ్యం కూడా యాదృచ్ఛికమే. పరిశీలించవలసింది జాబితా స్వభావాన్ని. ఇందులోని ఎనిమిదీ మనిషి ఆటను ఎందుకు కోరుకుంటాడో చెబుతాయి. శోకం, జుగుప్స, భయం, అపరాధభావం వంటి కోరుకోని భావాలు ఆటలో ఎలా ఆస్వాద్యమవుతాయో చెప్పవు. శోకం కరుణరసంగా ఎలా పరిణమిస్తుందన్న ప్రశ్నతో శతాబ్దాల తరబడి కుస్తీపట్టిన కావ్యశాస్త్ర సంప్రదాయం ఇక్కడ అక్కరకు వస్తుంది.

5. రససిద్ధాంతం అడిగే ప్రశ్న

రససిద్ధాంతానికీ ఎం.డి.ఏ. చట్రానికీ పైకి కనిపించే పోలిక సులభమైనది. కవి రసాన్ని నేరుగా అందించలేడు, విభావాదులను కూర్చగలడు. వాటి సంయోగంతో సహృదయుడిలో రసం నిష్పన్నమవుతుంది. రూపకర్త కూడా అనుభూతిని నేరుగా ఇవ్వలేడు, నియమాలను కూర్చగలడు. ఇంతవరకు పోలిక నిలుస్తుంది. ఇక్కడితో ఆగి ‘మనవాళ్లు ముందే చెప్పారు’ అనుకుంటే పరిశోధన అక్కడే ఆగిపోతుంది. పోలిక ఎక్కడ తెగిపోతుందో చూడటమే ఫలవంతం.

అభినవగుప్తుడు రసాస్వాదానికి కలిగే విఘ్నాలను ఏడుగా లెక్కించాడు. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం వాటిలో ఒకటి. ఇంట్లో కష్టంతోనో, సొంత లాభపు ఉత్సాహంతోనో సతమతమయ్యేవాడికి రంగస్థలం మీది భావం ఆస్వాద్యం కాదు. భావం ‘నాది’, ‘పరాయిది’ అన్న హద్దులు కోల్పోయి సాధారణీకృతమైనప్పుడే రసమవుతుంది. ఈ ప్రమాణంతో చూస్తే ఆట మొత్తం రసవిఘ్నమే. ఆటగాడి గెలుపు అతడి సొంతం, ఓటమి అతడి సొంతం. ఓడిపోబోతున్నప్పుడు కలిగే భయం భయానకరసం కాదు, లౌకికమైన భయమే.

రెండో చిక్కు నటుడికి సంబంధించినది. నటుడు రసాన్ని ఆస్వాదించేవాడు కాడనీ, ఆస్వాదానికి సాధనమనీ అభినవగుప్తుడి అభిప్రాయం. పాత్రలో పోసిన పానీయాన్ని పాత్ర రుచి చూడదు. నటుడిని ‘పాత్ర’ అనడం అందుకేనని ఆయన చమత్కారం. గేమ్‌లో ఆడేవారే పాత్ర, రుచి చూసేదీ వారే. నటుడికీ సహృదయుడికీ మధ్య సంప్రదాయం గీసిన గీత ఇక్కడ చెరిగిపోతుంది.

‘పోర్టల్’లోని ఒక ఘట్టం దీనికి మంచి ఉదాహరణ. ఒక గదిలో ఆటగాడికి హృదయం గుర్తు ఉన్న ఒక పెట్టెను తోడుగా ఇస్తారు. గది పొడుగునా దానిని మోసుకుపోవాలి, దాని సాయంతోనే దాటాలి. చివరికి దానిని మంటల్లో పడేయమని ఆజ్ఞ వస్తుంది. పడేయకపోతే ముందుకు దారి లేదు. పెట్టెకు ప్రాణం లేదని ఆటగాడికి తెలుసు. అయినా చేయి వెనుకాడుతుంది. నాటకంలో ఒకరు చేసిన ద్రోహాన్ని చూసి మనం బాధపడతాం. ఇక్కడ ఆ పని చేసినది మనమే. ‘నేను చేశాను’ అన్న భావం ప్రేక్షకుడి స్థానంలో ఉన్నవారికి కలగదు. ఈ కర్తృత్వభావన ఆటకు మాత్రమే సాధ్యమైన విభావం. దీనికి రససిద్ధాంతంలో సిద్ధంగా ఉన్న గూడు లేదు. అందువల్ల ఇక్కడ మన సిద్ధాంతం గేమ్‌ను పరీక్షించడమే కాదు, గేమ్ చేత పరీక్షకు కూడా గురవుతోంది.

6. రెండు పరిష్కారాలు: ‘జర్నీ’, ‘ట్రైన్’

సొంత గెలుపోటముల విఘ్నాన్ని అధిగమించడానికి గేమ్ రూపకల్పనలో రెండు భిన్నమైన మార్గాలు కనిపిస్తాయి. రెండింటికీ విశ్వవిద్యాలయంతో సంబంధం ఉంది.

మొదటి మార్గం జెనోవా చెన్‌ది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా ఆయన సహవిద్యార్థులతో కలిసి 2005లో ‘క్లౌడ్’ గేమ్‌ను రూపొందించాడు. ఆస్పత్రి మంచం మీది పిల్లవాడు కలలో ఆకాశంలో ఎగురుతూ మేఘాలను పోగుచేయడం అందులోని విషయం. పోటీ లేకుండా ప్రశాంతతను అనుభవంలోకి తెచ్చే ప్రయత్నం అది. 2006లో తన స్నాతకోత్తర పరిశోధనలో భాగంగా చేసిన ‘ఫ్లో’ గేమ్‌లో, మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని, ఆట ఎంత కఠినంగా ఉండాలో ఆడేవారే నిర్ణయించుకునే ఏర్పాటు చేశాడు. ఈ అన్వేషణ 2012లో వెలువడిన ‘జర్నీ’లో పరిణతి పొందింది. ఎం.డి.ఏ. రచయితలలో ఒకరైన రాబిన్ హునికీ ఆ గేమ్ నిర్మాణ బాధ్యతలు వహించడం గమనార్హం.

‘జర్నీ’లో ఎడారి దాటి దూరపు కొండకు సాగే ప్రయాణంలో మరో బాటసారి ఎదురుపడవచ్చు. ఆ బాటసారి ప్రపంచంలో మరెక్కడో కూర్చుని ఆడుతున్న నిజమైన మనిషి. పేరు కనిపించదు, మాట్లాడే వీలు లేదు. చిన్న నాదం ఒక్కటే పలకవచ్చు. పరీక్షదశలో ఆటగాళ్లకు ఒకరినొకరు తోసుకునే వీలుండటంతో తోసుకోవడమే జరిగిందని చెన్ తన ప్రసంగాల్లో వివరించాడు. బృందం హితబోధ చేసే సంభాషణలు చేర్చలేదు. తోసే వీలును తీసివేసింది. దగ్గరికి వస్తే ఇద్దరికీ ఎగిరే శక్తి కలిగే నియమాన్ని పెట్టింది. మనుషులు మారలేదు, నియమం మారింది. దానితో ప్రవర్తన మారింది, అనుభూతి మారింది. రసదృష్టితో చూస్తే ఇది సాధారణీకరణ మార్గం. పేరు, భాష, గెలుపు అనే వ్యక్తిగత చిహ్నాలను తొలగించి ‘నాది–పరాయిది’ అన్న హద్దును పలచబరచడమే ఇక్కడి కిటుకు.

రెండో మార్గం బ్రెండా రొమేరోది. పరిశ్రమలో దీర్ఘకాలం పనిచేసి, గేమ్ రూపకల్పనను బోధించిన ఆమె 2009లో ‘ట్రైన్’ అనే బల్లమీది ఆటను రూపొందించింది. ఇది కంప్యూటర్ గేమ్ కాదు. ఒకే ఒక్క ప్రతి ఉన్న కళాఖండం. ఆటగాళ్లు పసుపుపచ్చని చిన్న మనిషి బొమ్మలను రైలుపెట్టెల్లో కుక్కి, పట్టాల మీద గమ్యం చేర్చాలి. గమ్యం చేరాక చీటీ తిప్పి చూస్తే అక్కడ నాజీల నిర్బంధశిబిరం పేరు ఉంటుంది. అప్పటిదాకా నేర్పుగా ఆడినవాడి నేర్పే అతడికి భారమవుతుంది. ఇక్కడ సొంత గెలుపును తొలగించలేదు. దానిని చివరిదాకా పెంచి, గెలిచిన క్షణంలోనే గెలుపును నేరంగా మార్చింది. అభినవగుప్తుడు విఘ్నంగా చూసిన నిజసుఖం ఈ ఆటలో విభావమైంది.

ఈ రెండింటిలో ఏది ఉత్తమమన్నది చర్చ కాదు. ఒకటి కర్తృత్వాన్ని పలచబరిచి అనుభూతిని సాధిస్తే, మరొకటి దానిని తీవ్రం చేసి సాధించింది. రెండింటిలోనూ పని చేసినది చిత్రమో సంభాషణో కాదు, నియమమే. ఈ తేడాను చూడగలిగిన విద్యార్థి మాత్రమే తన గేమ్‌కు ఏ మార్గం తగినదో నిర్ణయించుకోగలడు.

7. వస్తువుకూ నియమానికీ వైరుధ్యం: వైకుంఠపాళి

ఇలాంటి పఠనానికి ఖరీదైన కంప్యూటర్లు అక్కరలేదు. మనకు తెలిసిన వైకుంఠపాళి చాలు. సుగుణం నిచ్చెన ఎక్కిస్తుంది, దుర్గుణం పాము నోట పడవేస్తుంది, చివరికి పరమపదం. పటం చెబుతున్నది కర్మసిద్ధాంతం. నియమం మాత్రం మరొకటి చెబుతోంది. ఆటగాడు సుగుణాన్ని ఎంచుకోలేడు, దుర్గుణాన్ని తప్పించుకోలేడు. పాచిక ఎంత పడితే అంత. ఆడేవాడికి ఒక్క నిర్ణయం తీసుకునే అవకాశం కూడా లేదు. కయ్వా వర్గీకరణలో ఇది కేవలం అదృష్ట క్రీడ. పటం కర్మను బోధిస్తుంటే పాచిక విధిని బోధిస్తోంది.

దీనిని వైరుధ్యంగా చూడవచ్చు. మనిషి ప్రయత్నం ఎంతైనా పరమపదం దైవాధీనమని చెప్పే భక్తిదృష్టికి ఇదే తగిన రూపమనీ వాదించవచ్చు. ఏ వాదం తీసుకున్నా దానిని నియమాల ఆధారంతో నిరూపించాలి. ‘పాచికతో పాటు ఆటగాడికి ఒక ఎంపికను ఇస్తే ఈ ఆట అర్థం ఎలా మారుతుంది?’ అన్న ప్రశ్న గేమ్ రూపకల్పన తరగతికి మంచి అభ్యాసం, సాహిత్య విమర్శ తరగతికి కూడా. విద్యార్థి కాగితం మీదే నియమం మార్చి, తోటివారి చేత ఆడించి, ఫలితం రాయవచ్చు. ట్రేసీ ఫులర్టన్ 2004 నుంచి పలు ముద్రణలు పొందిన తన పాఠ్యగ్రంథంలో చెప్పే పద్ధతి కూడా ఇదే. ముందు కాగితం మీద నమూనా, దానిని ఇతరుల చేత ఆడించి చూడటం, ఆపైనే యంత్రం.

8. మన పాఠ్యప్రణాళికలు: పేర్లు చెప్పే సంగతి

భారతదేశంలో ఈ రంగాన్ని ఏ.వి.జి.సి. అనే పేరుతో వ్యవహరిస్తున్నారు. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ కలిసిన పదం ఇది. కేంద్రప్రభుత్వం 2022లో ఈ రంగానికి ఒక కార్యదళాన్ని నియమించింది. తెలంగాణ ప్రభుత్వం అంతకుముందే 2016లో మల్టీమీడియా, యానిమేషన్, గేమింగ్, వినోద రంగాలకు ‘ఇమేజ్’ విధానాన్ని ప్రకటించింది. ఈ ప్రోత్సాహం స్వాగతించదగినదే. అయితే పేర్లలోని భావన విమర్శకుడి దృష్టిని దాటిపోకూడదు. నాలుగింటి కూటమిలో మూడు దృశ్యకళలు. రెండో పేరు అక్షరాల కూర్పే ‘చిత్రం’ అన్న అర్థమిస్తుంది. నియమప్రధానమైన గేమ్‌ను చిత్రప్రధానమైన కళల పంక్తిలో కూర్చోబెట్టినప్పుడు దానిని కూడా చిత్రంగానే చూసే ప్రమాదం ఉంది. ఈ సాహచర్యంలో రూపుదిద్దుకునే కోర్సు, గేమ్ ఇంజిన్ వాడకం, త్రిపరిమాణ నమూనాల తయారీ నేర్పి, దానికే గేమ్ రూపకల్పన అని పేరు పెట్టే అవకాశం ఎక్కువ. బెంగళూరులోని జాతీయ రూపకల్పన సంస్థ ప్రాంగణంలో డిజిటల్ గేమ్ డిజైన్‌కు ప్రత్యేకంగా స్నాతకోత్తర కోర్సు ఉండటం అందుకే ప్రాధాన్యం గలది. గేమ్‌ను యానిమేషన్‌కు అనుబంధంగా కాక స్వతంత్ర రూపకల్పనాశాఖగా గుర్తించిన సందర్భం అది.

దీనికి ఒక సహేతుకమైన ఆక్షేపణ ఉంది. విద్యార్థికి ఉద్యోగం కావాలి, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ నైపుణ్యం అడుగుతుంది, అప్పు చేసి రుసుము కట్టిన కుటుంబానికి రసచర్చ ఏం ఒరగబెడుతుంది? ఈ ప్రశ్నను తేలికగా తీసేయలేం. కానీ సాధనాలు మారుతూనే ఉంటాయి. ఈనాటి ఇంజిన్‌ను మాత్రమే నేర్చినవాడు దానితో పాటే పాతబడతాడు. పైగా ‘నార్బాక్యులర్ డ్రాప్’ విద్యార్థులకు ఉద్యోగాలు తెచ్చిపెట్టినది బొమ్మల నునుపు కాదు. ఒక నియమాన్ని కనిపెట్టి, దాని పర్యవసానాలను ఓపికగా శోధించిన తీరు. సాధనం నేర్పవద్దని ఈ వ్యాసం అనడం లేదు. సాధనానికి వేసే మార్కులు రూపకల్పనకు వేసినట్లు లెక్కకట్టవద్దని మాత్రమే అంటోంది.

ఆ లెక్క సరిచేయడానికి ప్రాజెక్టు మూల్యాంకనంలో మూడు ప్రశ్నలు చేర్చవచ్చు. ఒకటి: ఈ గేమ్‌లో ఏ ఒక్క నియమం తీసివేస్తే గేమ్ మరొకటి అయిపోతుంది? రెండు: ఆడేవారు ఏం చేస్తారని, ఏం అనుభవిస్తారని విద్యార్థి ఊహించాడు, ఆడించి చూసినప్పుడు ఏం జరిగింది? మూడు: ఆ తేడాను చూశాక ఏ నియమాన్ని ఎందుకు మార్చాడు, లేదా ఎందుకు మార్చలేదు? ఈ సమాధానాలు లిఖితరూపంలో ఉండాలి. అంటే గేమ్ రూపకల్పన విద్యార్థికి విమర్శవ్యాసం రాయడం రావాలి. ఆ విద్యను నేర్పగలిగినవారు సాహిత్యశాఖల్లో ఉన్నారు.

తెలుగుశాఖలు ఇక్కడ అతిథులుగా కాక భాగస్వాములుగా ఉండగలవు. కేవలం వచనంతో, ఎంపికలతో నడిచే గేమ్‌లు రూపొందించడానికి ‘ట్వైన్’ వంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. వాటికి ప్రోగ్రామింగ్ పరిజ్ఞానం దాదాపు అక్కరలేదు. తెలుగు లిపిలోనూ రాయవచ్చు. కథానిక నిర్మాణం తెలిసిన ఎం.ఏ. విద్యార్థి, పాఠకుడికి ఎంపిక ఇచ్చినప్పుడు కథనం ఎలా మారుతుందో స్వయంగా చేసి చూడవచ్చు. పారిభాషిక పదాల కల్పన మరో అవసరం. మెకానిక్స్‌ను ‘నియమవ్యవస్థ’ అనీ, డైనమిక్స్‌ను ‘క్రీడాగమనం’ అనీ, ఈస్థెటిక్స్‌ను ‘క్రీడానుభూతి’ అనీ వ్యవహరించవచ్చునని ప్రతిపాదన. వాడుకలో నిలిచేవి నిలుస్తాయి.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

- గేమ్ రూపకల్పనకు ప్రత్యేకమైన అధ్యయనవస్తువు నియమానికీ అనుభూతికీ గల సంబంధం. చిత్రం, కథ, ప్రోగ్రామ్ దానికి అంగాలు.
- ఎం.డి.ఏ. చట్రం ఈ సంబంధాన్ని విశ్లేషించడానికి గట్టి సాధనం. కానీ వినోదాన్నే గమ్యంగా భావించడం వల్ల, మేగీ ఆటలో వలె అసౌకర్యమే వక్తవ్యమైన సందర్భాలను లోపాలుగా చూసే ప్రమాదం అందులో ఉంది.
- కోరుకోని భావాల ఆస్వాద్యతను చర్చించిన రససిద్ధాంతం ఈ వెలితిని చూపగలదు. అయితే ఆడేవారి కర్తృత్వాన్ని వివరించడానికి ఆ సిద్ధాంతాన్ని విస్తరించుకోక తప్పదు.
- మూల్యాంకనంలో నియమవిమర్శకు స్థానం కల్పించడం, సాహిత్యశాఖలను భాగస్వాములను చేయడం మన విశ్వవిద్యాలయాలకు సాధ్యమైన పనులు. వీటికి పెట్టుబడి కంటే సంకల్పం ముఖ్యం.

మన పిల్లలు ఎన్నో గంటలు గేమ్‌లలో గడుపుతున్నారు. ఆ గంటల్లో వారు ఎవరో రాసిన నియమాలకు లోబడి కొన్ని పనులను గెలుపుగా, కొన్నింటిని ఓటమిగా స్వీకరిస్తున్నారు. ఆ నియమాలను చదవగలిగే విమర్శకులు, ఆలోచించి రాయగలిగే రూపకర్తలు మన భాషలో తయారు కావాలా వద్దా అన్నది పాఠ్యప్రణాళికలు రాసేవారు తేల్చవలసిన విషయం. బొమ్మను మెరుగుపరచడం మాత్రమే నేర్పే కోర్సు ఆ బాధ్యతను మోయలేదు.